నల్‌నెస్ చెకర్ అమర్చాను, ఎన్ని సరిచేసినా వంద ఎర్రర్లే చూపిస్తోంది

ప్రశ్న: మధురవాడ వాసి

జావా ప్రాజెక్టులో చెకర్ ఫ్రేమ్‌వర్క్ వారి నల్‌నెస్ చెకర్‌ను అమర్చుకుంటున్నాను. ఏ విలువ నల్‌గా, అంటే ఖాళీగా, రావచ్చో కంపైల్ చేసేటప్పుడే చూపించే పనిముట్టు అది. వారం రోజులుగా ఇదే పని. ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు.

ముందు మా పనేమిటో చెప్పాలి, లేకపోతే నాకింత పట్టుదల ఎందుకో అర్థం కాదు. విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసేవారి కోల్డ్ స్టోరేజీలకు మా చిన్న సంస్థ ప్రోగ్రాము రాసి ఇస్తుంది. ఏ గదిలో ఎన్ని పెట్టెలున్నాయి, ఏ లాట్ ఏ కంటైనర్‌లోకి ఎక్కి పోర్టుకు వెళ్లింది, గది ఉష్ణోగ్రత ఎంత, ఇవన్నీ అందులో నమోదవుతాయి. గడ్డకట్టించిన రొయ్యను మైనస్ 18 డిగ్రీల దగ్గర, లేదా అంతకంటే చల్లగా ఉంచాలి. ప్రతి గదిలో ఒక సెన్సర్ ఉంటుంది. అది అయిదు నిమిషాలకోసారి అంకె పంపుతుంది. వైరు వదులైతే ఏమీ పంపదు. అప్పుడు మా కోడ్‌లోకి నల్ వస్తుంది.

నాకంటే ముందు ఎవరో ఆ చోట ‘నల్ వస్తే సున్నా అనుకో’ అని రాశారు. రెండు నెలల క్రితం రాత్రి రెండు గంటలకు ఒక కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ గారు నాకు ఫోను చేశారు. “అమ్మా, నాలుగో గది సున్నా డిగ్రీలకు వచ్చిందని ఫోను మోగుతూనే ఉంది. తలుపు తీసి చూశాను. పెట్టెల మీద మంచు అలాగే ఉంది. ఏది నమ్మమంటావు?” అన్నారు. ఆయన పెద్దవారు. ఆ వేళలో ఆ చలిగదిలోకి వెళ్లి నిలబడి మాట్లాడుతున్నారు. నాకు చాలా బాధ కలిగింది.

మర్నాడు ఆ సున్నాను తీసేశాను. ఆ రాత్రి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఖాళీ విలువను వాడబోతే జావా ఇచ్చే ఎర్రర్) వచ్చింది. ఒక్క గది సెన్సర్ పలకకపోవడంతో పదకొండు గదుల గంటవారీ నివేదిక ఆగిపోయింది. ఇలా ఒకచోట మూస్తే ఇంకోచోట కారడం ఇక వద్దు, ఏ విలువ ఖాళీగా రావచ్చో కంపైలరే ముందుగా చెప్పాలి అని నిశ్చయించుకున్నాను.

ఇప్పటి అమరిక ఇది. జావా 17, మేవెన్ (బిల్డ్ నడిపే పనిముట్టు), లాంబాక్ (విలువ తెచ్చిచ్చే గెటర్ మెథడ్లను తానే పుట్టించేది). మేవెన్ అమరికలుండే పామ్ ఫైల్‌లో కంపైలర్ ప్లగిన్ కింద, ప్రాసెసర్ (కంపైలర్‌తో పాటు నడిచే అదనపు ప్రోగ్రాము) పాత్‌లో చెకర్ జార్ పెట్టాను. ప్రాసెసర్ల జాబితాలో నల్‌నెస్ చెకర్ పేరు పూర్తిగా రాశాను. @నలబుల్ (నల్ కావచ్చు) వంటి అనోటేషన్లు, అంటే కోడ్ మీద పెట్టే గుర్తులు, ఉండే చెకర్ క్వాల్ జార్‌ను డిపెండెన్సీగా చేర్చాను. యాడ్ ఎక్స్‌పోర్ట్స్ వరుసలన్నీ రాసి, ఫోర్క్ ట్రూ అని పెట్టాను. అది పెట్టేదాకా కంపైలర్ మొదలే కాలేదు.

తర్వాత రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, లాంబాక్ గెటర్లు ఏవీ కనబడటం లేదని ఎర్రర్లు వచ్చాయి. ఎందుకో తెలియక మూడు క్లాసుల్లో గెటర్లు చేత్తో రాసుకున్నాను, మిగతావాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టాను. రెండోది, అసలు బాధ. నోటు పుస్తకంలో రోజూ లెక్క రాసుకుంటున్నాను. సోమవారం 100 ఎర్రర్లు. ఇరవై మూడు సరిచేశాను. మంగళవారం 100. ముప్పై ఒకటి సరిచేశాను. బుధవారం 100. గురువారం కూడా అంతే. ఒకటి సరిచేస్తే ఇంకొకటి పుడుతోందా? లేక నా అమరికలోనే పొరపాటుందా?

ఇంకో సందేహం. ఈ వరుస చూడండి:

ఇఫ్ (రీడింగ్.గెట్‌టెంప్() != నల్) మొత్తం += రీడింగ్.గెట్‌టెంప్();

నల్ కాదని చూసుకున్న తర్వాతే కూడుతున్నాను కదా. అయినా ‘అన్‌బాక్సింగ్ ఆఫ్ నలబుల్’, అంటే నల్ కావచ్చే దాన్ని అంకెగా వాడుతున్నావు, అంటోంది. చెకర్ పొరబడిందనుకుని దాని మీద సప్రెస్ వార్నింగ్స్ (ఇక్కడ ఎర్రర్ చూపొద్దనే గుర్తు) పెట్టాను. సరైన పనేనా?


సమాధానం: గాజువాక వాసి

మీ అమరిక బాగానే ఉంది. ఆ 100 అన్నది మీ ఎర్రర్ల సంఖ్య కాదు. జావా కంపైలర్ జావాక్ సహజంగా మొదటి వంద ఎర్రర్లు చూపించి ఆగుతుంది. మీరు రోజూ సరిచేసినన్ని వెనక నుంచి ముందుకు వస్తున్నాయి. మీ శ్రమ ఎక్కడికీ పోలేదు.

కంపైలర్ ఆర్గ్స్‌లో ఎక్స్‌మ్యాక్స్‌ఎర్స్ చేర్చి 10000 ఇవ్వండి. మేవెన్‌లో ఒక జాగ్రత్త: ఐచ్ఛికం పేరు ఒక ఆర్గ్‌లో, అంకె దాని కిందే వేరే ఆర్గ్‌లో రాయాలి. రెండూ ఒకే ఆర్గ్‌లో రాస్తే అలాంటి ఐచ్ఛికం లేదంటుంది. హెచ్చరికలకూ ఇలాంటి హద్దే ఉంది, దానికి ఎక్స్‌మ్యాక్స్‌వార్న్స్.


సమాధానం: మర్రిపాలెం వాసి

గాజువాక వారు చెప్పింది నిజం. ఆ హద్దు తీయగానే పెద్ద సంఖ్య కనబడుతుంది, భయపడకండి. భయపడినవాళ్లే ఈ పని మధ్యలో వదిలేస్తారు. మా జట్టులో ఒకసారి అలాగే వదిలేశాం, మళ్లీ మొదలుపెట్టడానికి ఏడాది పట్టింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లాంబాక్ సంగతి. జావాక్‌కు మీరు ప్రాసెసర్ల పేర్లు చెప్పనంతవరకు అది తనంతట తానే వెతుక్కుంటుంది. ఒక్క పేరు చెప్పారంటే ఆ వెతుకులాట మానేసి, చెప్పిన వాటినే నడుపుతుంది. మీరు నల్‌నెస్ చెకర్ పేరొక్కటే రాశారు కాబట్టి లాంబాక్ నడవలేదు, గెటర్లు పుట్టలేదు. లాంబాక్ జార్‌ను కూడా ప్రాసెసర్ పాత్‌లో పెట్టి, జాబితాలో చెకర్ కంటే పైన లాంబాక్ ప్రాసెసర్ పేరు రాయండి. అది లాంబాక్ లాంచ్ ప్యాకేజీలో అనోటేషన్ ప్రాసెసర్ హైడర్ అనే క్లాసు లోపల ఉంటుంది. పేరు మధ్యలో డాలర్ గుర్తు వస్తుంది, మరిచిపోకండి. చేత్తో రాసిన గెటర్లను తీసేయవచ్చు. మ్యాప్‌స్ట్రక్ట్ వంటి ప్రాసెసర్లు ఇంకేమైనా వాడుతుంటే వాటి పేర్లూ ఇలాగే చేర్చాలి.

ఇక పరిధి. ప్రాజెక్టు మొత్తాన్ని ఒకేసారి తనిఖీకి ఇవ్వకండి. ఓన్లీడెఫ్స్ అనే ఐచ్ఛికం ఉంది, ముందు హైఫన్, దానికి ఆనుకుని పెద్ద ఏ అక్షరం. దానికి ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (పేర్లను పోల్చే నమూనా) ఇస్తే, ఆ పేరుకు సరిపోయే క్లాసులనే తనిఖీ చేస్తుంది. మొదట్లో ^ గుర్తు పెట్టండి, చుక్కల ముందు వెనుగీత పెట్టండి. లేకపోతే పేరు మధ్యలో ఎక్కడ కలిసినా సరిపోయిందనుకుంటుంది. సెన్సర్ రీడింగులు వచ్చే ప్యాకేజీ ఒక్కటే మొదట ఇవ్వండి. అది శుభ్రమయ్యాక హెచ్చరికల ప్యాకేజీని కలపండి. శుభ్రమైన దానిలో మళ్లీ తప్పు దూరితే బిల్డ్ ఆగాలి. వార్న్స్ ఐచ్ఛికం పెట్టి ఎర్రర్లన్నిటినీ హెచ్చరికలుగా మార్చుకుందాం అనే ఆలోచన మీకూ వస్తుంది. వద్దనే నా సలహా. హెచ్చరికలు రోజూ కళ్ల ముందు దొర్లిపోతుంటే వారంలో ఎవరూ చదవరు.

మీ గెటర్ సందేహం. అక్కడ చెకర్ చెప్పిందే సరి, మీ సప్రెస్ తీసేయండి. మీరు గెట్‌టెంప్‌ను రెండుసార్లు పిలుస్తున్నారు. మొదటి పిలుపులో విలువ ఉంది, రెండో పిలుపులోనూ ఉంటుందని కంపైలర్‌కు ఎవరు హామీ ఇచ్చారు? మీ సెన్సర్ విలువలు వేరే థ్రెడ్‌లో (పక్కనే సమాంతరంగా నడిచే పనిలో) వస్తుంటాయనుకుంటాను. ఆ రెండు పిలుపుల మధ్యలో కొత్త రీడింగ్ వచ్చి అది ఖాళీగా ఉంటే మీ సూపర్‌వైజర్ గారికి మళ్లీ నిద్ర ఉండదు. విలువను ఒకసారి స్థానిక చరరాశిలోకి తీసుకోండి:

డబుల్ టెంప్ = రీడింగ్.గెట్‌టెంప్();
ఇఫ్ (టెంప్ != నల్) మొత్తం += టెంప్;

స్థానిక చరరాశికి మీరు అనోటేషన్ రాయనక్కర లేదు. ఏ వరుస దాటాక అది నల్ కాదో చెకరే చూసుకుంటుంది. అనోటేషన్ రాయాల్సినవి ఫీల్డులు, పారామీటర్లు, తిరిగి ఇచ్చే విలువలు. ఏమీ రాయకపోతే ‘ఇది నల్ కాదు’ అని మీరు మాట ఇచ్చినట్టు. గెటర్ మీద @ప్యూర్ (మళ్లీ పిలిచినా అదే విలువ ఇస్తుందనే గుర్తు) అని రాసినా ఎర్రర్ పోతుంది, కానీ థ్రెడ్లున్న చోట అది అబద్ధపు హామీ. రాయకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు అడగలేదు కానీ మీ కథ చదవగానే నాకు తట్టింది ఇదే. సెన్సర్ విలువ మీ కోడ్‌లోకి ఎక్కడి నుంచి వస్తోంది? సెన్సర్ అమ్మినవారు ఇచ్చిన జార్ నుంచే అయితే, ఆ జార్‌లో అనోటేషన్లు ఉండకపోవచ్చు. అనోటేషన్లు లేని బయటి జార్‌ను చెకర్ నమ్మేస్తుంది, దాని మెథడ్లు నల్ ఇవ్వవనే అనుకుంటుంది. అంటే నల్ పుట్టే ద్వారం దగ్గరే కాపలా లేదు. మీరు వంద ఎర్రర్లు, అయిదు వందల ఎర్రర్లు సరిచేసినా, రాత్రి రెండు గంటలకు మిమ్మల్ని లేపిన ఆ ఒక్క వరుస జాబితాలో కనబడకపోవచ్చు.

దీనికి స్టబ్ ఫైల్ రాయాలి. .astub అనే కొసపేరుతో చిన్న ఫైల్. అందులో ఆ జార్‌లోని ప్యాకేజీ పేరు, క్లాసు పేరు, మెథడ్ సంతకం మాత్రమే ఉంటాయి, లోపలి కోడ్ ఉండదు. ఇలా ఉంటుంది:

క్లాస్ సెన్సర్‌క్లయంట్ {
  @నలబుల్ డబుల్ రీడ్(ఇంట్ గది);
}

ఆ ఒక్క @నలబుల్ కోసమే ఈ ఫైల్ అంతా. పైన ఇంపోర్ట్ రాయడం మరిచిపోవద్దు. స్టబ్స్ ఐచ్ఛికంతో ఫైల్ ఉన్న చోటు చెప్పండి. అప్పుడు రీడ్‌ను పిలిచిన ప్రతి చోటా చెకర్ అడగడం మొదలుపెడుతుంది. ఏయే మెథడ్లు నల్ ఇస్తాయో ఆ జార్ పత్రాల్లో వెతకండి. దొరకకపోతే వైరు ఊడదీసి నడిపి చూడండి, అంతకు మించిన పరీక్ష లేదు.

డేటాబేస్ ఎంటిటీ క్లాసుల్లో ‘ఫీల్డుకు విలువ ఇవ్వలేదు’ అని కుప్పలుగా వస్తాయి. అక్కడ విలువలు నింపేది హైబర్నేట్ వంటి డేటాబేస్ లైబ్రరీ, అది చెకర్‌కు తెలియదు. ఆ క్లాసుల మీద మాత్రం, ఇనిషియలైజేషన్‌కు సంబంధించినంత వరకే సప్రెస్ చేసి, పక్కన కారణం రాసుకోండి. నల్‌నెస్ మొత్తాన్నీ సప్రెస్ చేయకండి.


సమాధానం: సిరిపురం వాసి

మర్రిపాలెం వారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఇంత పెద్ద పనిముట్టుతోనే మొదలుపెట్టాలా అన్నది ఆలోచించండి. ఇదే పనికి ఉబర్ వారు 2017లో విడుదల చేసిన నల్‌అవే అనే పనిముట్టు ఉంది. కోడ్‌లో తప్పులు పట్టే గూగుల్ వారి ఎర్రర్ ప్రోన్ మీద ప్లగిన్‌గా నడుస్తుంది. దాని రూపకర్తలు 2019లో ప్రచురించిన పత్రం ప్రకారం బిల్డ్ సమయం సగటున 1.15 రెట్లు అవుతుంది. అదే తరహా ఇతర పనిముట్లతో 2.8 నుంచి 5.1 రెట్ల దాకా పోతుందని అందులోనే రాశారు. ఏ ప్యాకేజీలను చూడాలో యానటేటెడ్ ప్యాకేజెస్ అనే ఐచ్ఛికంలో చెబితే చాలు. పట్టు మాత్రం చెకర్ ఫ్రేమ్‌వర్క్ కంటే వదులు. కొన్ని చోట్ల, కోడ్ సాధారణంగా ఎలా ఉంటుందో ఊహించుకుని వదిలేస్తుంది. రోజుకు యాభైసార్లు బిల్డ్ చేసే మా జట్టుకు అది సరిపోయింది.

ఏది వాడినా @నలబుల్‌ను ఎక్కడి నుంచి ఇంపోర్ట్ చేస్తున్నారో చూసుకోండి. 2024 జులైలో జెస్పెసిఫై 1.0 అనే ఉమ్మడి అనోటేషన్ల కట్ట వచ్చింది. వేర్వేరు పనిముట్లు ఒకే అనోటేషన్‌ను ఒకేలా అర్థం చేసుకోవాలన్నదే దాని ఉద్దేశం. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ 7 కూడా దానికే మారింది. కొత్తగా రాసే కోడ్‌లో అదే వాడితే, రేపు పనిముట్టు మార్చుకున్నా అనోటేషన్లు మార్చక్కర లేదు.


మళ్లీ ప్రశ్న అడిగినవారు: మధురవాడ వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాలుగు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను.

హద్దు తీశాక అసలు సంఖ్య కనబడింది: 612. నోటు పుస్తకంలో ఆ అంకె రాసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత పరిధిని రీడింగుల ప్యాకేజీకి తగ్గిస్తే 41 అయ్యాయి. లాంబాక్ పేరు చేర్చగానే గెటర్లన్నీ తిరిగి వచ్చాయి, చేత్తో రాసినవి చెరిపేశాను.

మర్రిపాలెం వారు చెప్పినట్టు స్టబ్ ఫైల్ రాశాను. 41 కాస్తా 50 అయింది. కొత్తగా వచ్చిన ఆ తొమ్మిదిలో ఒకటి, గంటవారీ నివేదికను ఆపేసిన వరుసే. ముందటి జాబితాలో అది లేదు, వెనక్కి వెళ్లి వెతికి మరీ చూశాను. స్టబ్ లేకపోతే 41 సరిచేసి, పని అయిపోయిందని సంతోషపడి, మళ్లీ ఆ ఫోను కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

ఆ తొమ్మిదీ తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: రీడింగ్ రాకపోతే ఏం చేయాలి? దానికి జవాబు కోడ్‌లో లేదు, నా దగ్గరా లేదు. ఆదివారం బస్సెక్కి కోల్డ్ స్టోరేజీకి వెళ్లి సూపర్‌వైజర్ గారినే అడిగాను. ఆయన బీరువాలోంచి పాత రిజిస్టరు తీశారు. కంప్యూటర్ రాకముందు గంటగంటకూ చేత్తో రాసినది. కాగితాలు తేమకు ఉబ్బి, అంచులు వంకర తిరిగి ఉన్నాయి. ఒక పేజీలో మైనస్ 19, మైనస్ 20, మైనస్ 19 అని వరుసగా ఉండి, మధ్యలో మూడు గడుల్లో ఎర్ర సిరాతో అడ్డగీతలు ఉన్నాయి. “ఆ రోజు థర్మామీటరు పగిలిందమ్మా. సున్నా రాస్తే చూసినట్టు అవుతుంది. గీత గీస్తే చూడలేదని అర్థం. గీత వరుసగా మూడు గడుల్లో పడితే దొరగారికి కబురు పెట్టేవాళ్లం” అన్నారు. యజమానిని ఆయన ఇప్పటికీ దొరగారనే అంటారు.

ఇప్పుడు మా నివేదికలోనూ రీడింగ్ రాని చోట అడ్డగీత పడుతుంది. సగటు లెక్కలోకి అది రాదు. వరుసగా మూడు రాకపోతే ‘సెన్సర్ పలకడం లేదు’ అని వేరే హెచ్చరిక వెళ్తుంది, ‘గది వేడెక్కింది’ అని కాదు. తలుపు తీయాల్సిన పని లేదు, వైరు చూస్తే చాలు.

సిరిపురం వారికి: మా ప్రాజెక్టు చిన్నది, బిల్డ్ ఇప్పటికీ రెండు నిమిషాలు దాటడం లేదు. అందుకని చెకర్ ఫ్రేమ్‌వర్క్‌తోనే సాగుతాను. ఇంపోర్ట్ సంగతి చెప్పి మంచి పని చేశారు. మా పాత కోడ్‌లో జావాఎక్స్ వారి @నలబుల్ ఉంది, కొత్త దానిలో చెకర్ వారిది వాడుతున్నాను. ఒక ఫైల్‌లో ఇంపోర్ట్ వరుస మాత్రం మార్చాను, ఇంకేమీ ముట్టుకోలేదు. అంతవరకు ఎర్రర్ లేని చోట కొత్తగా రెండు వచ్చాయి. రోజుకు 24 గంటల విలువలు దాచే ఎరే అది, ఇలా ఉంది: @నలబుల్ డబుల్[] రోజు. ఇంపోర్ట్ మారితే అర్థం కూడా మారుతుందా?


సమాధానం: మర్రిపాలెం వాసి

మారుతుంది, ఎరేల దగ్గర తప్పకుండా మారుతుంది. జావాఎక్స్‌ది పాత తరహా అనోటేషన్, ప్రకటన మొత్తానికి వర్తిస్తుంది. అందుకే ఆ వరుసకు అప్పటిదాకా ‘ఎరేయే నల్ కావచ్చు’ అని అర్థం. చెకర్ వారిది టైప్ అనోటేషన్. 2014లో జావా 8తో వచ్చిన పద్ధతి ఇది. ఇందులో గుర్తు దేనికి ఆనుకుని ఉంటే దానికే చెందుతుంది. డబుల్ ముందు ఉంది కాబట్టి ఇప్పుడు ‘ఎరే తప్పక ఉంటుంది, లోపలి గడుల్లో కొన్ని ఖాళీగా ఉండవచ్చు’ అని అర్థం. ఎరేనే నల్ కావచ్చని చెప్పాలంటే గుర్తును బ్రాకెట్ల ముందుకు జరపాలి:

డబుల్ @నలబుల్ [] రోజు

రెండూ నిజమైతే రెండు చోట్లా రాయండి. మీ రిజిస్టరు ప్రకారం చూసుకోండి: గడిలో గీత పడటం వేరు, ఆ రోజు పేజీయే లేకపోవడం వేరు.


మధురవాడ వాసి

గది మరమ్మతులో ఉన్న రోజుకు పేజీ ఉండదు, కాబట్టి రెండు చోట్లా రాశాను. కొత్తగా వచ్చిన ఆ రెండు ఎర్రర్లలో ఒకటి, మరమ్మతులో ఉన్న గదికి కూడా సగటు కట్టబోతున్న వరుస. దాన్ని సరిచేశాను. రీడింగుల ప్యాకేజీలో ఇంకా పదిహేడు మిగిలాయి. అవి అయ్యాక హెచ్చరికల ప్యాకేజీని కలుపుతాను.